పాడేదేది, పక్కన పెట్టేదేది

కచేరీలో ఏ పాట పాడాలన్నది చాలావరకు కచేరీకి ఏళ్ళ ముందే తేలిపోతుంది. ఆరితేరిన విద్వాంసుడు ప్రయాణంలో చిన్న కాగితం మీద రాసుకునే ఎనిమిదో తొమ్మిదో పాటల పేర్లు ఆ నిర్ణయానికి ఆఖరి మెట్టు. గురువు దగ్గర ఏ పాట ఏ పాఠాంతరంలో, అంటే పరంపరగా వచ్చిన ఏ రూపంలో, దొరికింది, ఏ రాగం గొంతుకు పట్టింది, పాడేది గుడి మండపంలోనా రేడియో గదిలోనా, చేతిలో ఉన్నది గంటా మూడు గంటలా అన్నవి కాగితం బయటికి తీసే వేళకే వందల పాటలను పదులకు దించేసి ఉంటాయి. తుంగభద్రలో హంద్రీ కలిసే చోట ఉన్న కర్నూలు గాని, ఇప్పుడు ఆ నగరంలోనే కలిసిపోయిన కల్లూరు గాని సంగీత సభలకు పేరుపడ్డ ఊళ్ళు కావు. అయినా ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో తెలుగు విద్వాంసులు కచేరీలకెక్కించిన కీర్తనలు ఎన్నో ఏ రూపంలో పాడాలో తేలింది కర్నూలులో ఒక వైద్యుడి ఇంట్లో. పాటల ఎంపిక చరిత్రను ఈ ఊరి వైపు నుంచి చెప్పడానికి ఆ ఒక్క కారణం చాలు.

రాయలసీమలో సంగీతానికి ఆస్థానాల నీడ తక్కువ. విజయనగర సామ్రాజ్యం చెదిరాక ఈ నేల నవాబుల చేతుల్లో, పాలెగాళ్ళ చేతుల్లో నడిచింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ళను అణిచి, రైతు దగ్గరే నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీని నాటాడు. కర్నూలు నవాబుల పాలన 1839 దాకా ఈడ్చుకొచ్చి అదీ ముగిసింది. కోస్తాలో విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాలు విద్వాంసులను పోషించిన కాలంలో ఇక్కడ అలాంటి పెద్ద జమీలు తక్కువ. విజయనగరం సంస్థానం 1919లో ఏకంగా సంగీత కళాశాలే పెట్టింది. దానికి మొదట ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు పెద్దలుగా ఉన్నారు. సీమలో ఆ స్థానం గుడిది, తిరునాళ్ళది, నాటకాల పందిరిది.

ఈ తేడా పాటల ఎంపికలోకి నేరుగా వచ్చింది. ఆస్థానంలో వినేవాడు ఒకడు, వాడి చుట్టూ తెలిసినవాళ్ళు పదిమంది. ఒకే రాగాన్ని గంటల తరబడి పరిచినా కూర్చుంటారు. తిరునాళ్ళలో వినేది బండ్లు కట్టుకొచ్చిన జనం. వాళ్ళకు రాగం కన్నా ముందు దేవుడి పేరు వినపడాలి, మాట తెలియాలి. కరువు నేల మీద కచేరీ అన్నది పంట చేతికొచ్చిన ఏడాది మురిపెం కూడా.

గుడిలో సన్నాయి మేళానికైతే ఎంచుకునే పనే తక్కువ. వేళ చెబుతుంది, వాద్యం అందుకుంటుంది. తెల్లవారి మేలుకొలుపుకు భూపాలమో బౌళో, పవళింపు సేవకు నీలాంబరి. స్వామి ఊరేగింపులో ఉన్నంతసేపూ నిదానంగా సాగే రాగాలాపన, పల్లకి కదలగానే డోలు మీద నడక మారడం ఆ సంప్రదాయపు కట్టుబాట్లు. పెళ్ళిలో మేళగాడి పని ఇంకా చిత్రం. అతని వేళ్ళు సన్నాయి మీద ఉంటాయి, ఒక కన్ను పురోహితుడి చేతి మీద ఉంటుంది. ఎంత గొప్ప కీర్తన ఏ చరణంలో ఉన్నా సరే, మంగళసూత్రం పైకెత్తి చెయ్యి ఊపగానే దాన్ని అక్కడే తెంచి గట్టిమేళం అందుకోవాలి. మధ్యలో తెంచినా నొచ్చని పాటలనే ముహూర్తం దగ్గరపడే వేళకు అట్టే పెట్టుకోవడం ఆ వృత్తిలో ముదిరినవాళ్ళకు తెలిసిన కిటుకు. కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా ఆ వీధి వాద్యాన్నే సభలో కూర్చోబెట్టి మూడు గంటలు వాయించినవారు. వీధిలో వేళ నిర్ణయించినదాన్ని సభలో వాద్యగాడే నిర్ణయించుకోవాలి. చినమౌలానా తరం నాదస్వర విద్వాంసుల్లో ఆ రెండు పనులూ చేసినవాళ్ళు కనబడతారు.

సీమ శ్రోత చెవిని తయారుచేసిన మరో బడి పద్యనాటకం. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక సమాజం తర్వాత తెలుగు నేలంతా తిరిగింది. పద్యం ఎత్తుకుని, హార్మోనియం శ్రుతి మీద మోహనలోనో కల్యాణిలోనో చివరి పాదాన్ని సాగదీసి నటుడు నిలబడితే, పందిరి వెనక నుంచి ‘వన్స్‌మోర్’ అని కేక పడేది. రాగం ఎంత బాగున్నా మాట నలిగితే ఆ కేక పడదు. ఇటువైపు కచేరీ చేయడానికి వచ్చిన గాయకుడికి ఎదురుగా కూర్చునేది ఇలా పద్యం మీద పెరిగిన చెవే. అందువల్ల మాట స్పష్టంగా పలికే, కథ ఉన్న కీర్తనలకు, రామదాసు కీర్తనలకు, తత్వాలకు ఇక్కడ ముందునుంచీ ఒక మెట్టు పైన పీట. తంజావూరు వైపు కచేరీ విని వచ్చినవాళ్ళు దీన్ని పామరత్వం కింద జమకట్టేవారు. అది సరైన లెక్క కాదు. తెలుగు కీర్తనను తెలుగు తెలియని సభలో పాడటం అలవాటైనవారికి మాట మీద పట్టింపు అదనపు బరువుగా తోచింది, అంతే.

దక్షిణాదిన కచేరీకి నేటి రూపం వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అంతకు ముందు ఐదారు గంటలు సాగే కచేరీల్లో రాగం తానం పల్లవి సింహభాగం తినేసేది, కీర్తనలు కొన్నే ఉండేవి. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890-1967) ఆ తూకాన్ని మార్చారు. వర్ణంతో మొదలుపెట్టి, మధ్యమకాలంలో నడిచే చిన్న కీర్తనలు కొన్ని గబగబా పాడి, గొంతూ సభా వేడెక్కాక ఒక పెద్ద రాగం, దాని వెనక తనియావర్తనం, ఆపైన కుదించిన పల్లవి, చివర పదాలు, జావళీలు, తుక్కడాలు, మంగళం. మూడు గంటల్లో పదిహేను పాటల దాకా పట్టే ఈ కట్టుబడి అందరికీ నచ్చింది. టిక్కెట్టు కొని కూర్చునే సభలకు అది సరిగ్గా సరిపోయింది. ఆ రోజుల్లోనే, 1928లో, మద్రాసు మ్యూజిక్ అకాడమీ పుట్టింది.

అరియక్కుడి పద్ధతి వల్ల పాటల అవసరం ఒక్కసారిగా పెరిగింది. పల్లవి ప్రధానమైన కచేరీకి నాలుగైదు కీర్తనలు, కావలసినంత కల్పన ఉంటే చాలు. కొత్త పద్ధతిలో నెలకు నాలుగు కచేరీలు చేసేవాడు ఒకే ఊళ్ళో పాడిందే పాడకుండా ఉండాలంటే ఒంట్లో వంద నూటయాభై కీర్తనలు సిద్ధంగా ఉండాలి. సిద్ధంగా అంటే పుస్తకం చూసి పాడగలగడం కాదు. నిద్రలో లేపినా సంగతులు వరుస తప్పకుండా రావాలి. పాఠాంతరం ఎంత ఉంటే ఎంపికకు అంత చోటు. తెలుగు గాయకులకు చిక్కు ఇక్కడే వచ్చింది. కీర్తనలు తెలుగువే, త్యాగరాజు (1767-1847) రాసిన వాటిలో ఇప్పుడు దొరికే ఏడువందల దాకా కీర్తనల్లో కొన్ని సంస్కృతంలో ఉన్నా మిగిలినవన్నీ మన భాషవే. కాని వాటిని సంగతులతో, గమకంతో నిలబెట్టిన శిష్యపరంపరలు ఎక్కువగా కావేరి ఒడ్డున ఉన్నాయి. పాట మనది, పాడే తీరు అక్కడిది.

ఆ దూరాన్ని పూడ్చడానికి జీవితమంతా పనిచేసినవారు డాక్టర్ శ్రీపాద పినాకపాణి. శ్రీకాకుళం జిల్లాలో 1913 ఆగస్టు 3న పుట్టారు. రాజమండ్రిలో బి.ఎస్. లక్ష్మణరావు దగ్గర మొదలుపెట్టి, ద్వారం వెంకటస్వామినాయుడు దగ్గర కొంత నేర్చి, మద్రాసులో రంగరామానుజ అయ్యంగార్ దగ్గర పాఠం చెప్పుకున్నారు. ఈ అయ్యంగార్ వీణ ధనమ్మాళ్ శిష్యుడు. అరియక్కుడి మొదలైన దిగ్గజాల కచేరీలు వినడం పినాకపాణికి మరో పెద్ద పాఠశాల. విశాఖపట్నంలో వైద్యం చదివి, ప్రభుత్వ వైద్యుడై, 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశారు. ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఊరు మారలేదు. 2013 మార్చి 11న, నూరేళ్ళకు కొద్ది నెలల ముందు, కర్నూలులోనే కన్నుమూశారు. సంగీత కళానిధి (1983), పద్మభూషణ్ (1984) ఆయనకు ఈ ఊళ్ళో ఉండగానే వచ్చాయి.

పినాకపాణి కచేరీల కన్నా బోధనకే ఎక్కువ కాలం ఇచ్చారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, మల్లాది సూరిబాబు, సూరిబాబు కుమారులు మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ పినాకపాణి దగ్గర నేర్చుకున్నవారే. రెండు మూడు తరాల పాటు ఆంధ్రదేశంలో పెద్ద కచేరీ అంటే గుర్తొచ్చే పేర్లలో చాలా ఇందులో ఉన్నాయి. ఏదైనా పాట వీళ్ళ నోట పడిందంటే దాని రూపం అప్పటికే తేలి ఉందన్నమాట. ఎక్కడ సంగతి విరగాలి, ఏ అక్షరం మీద ఊపిరి తీసుకోవచ్చు, చరణంలో నెరవుకు పనికొచ్చే పాదం ఏది అన్నవి శిష్యుడు వేదిక మీద వెతుక్కోనక్కరలేదు.

ఈ పాఠాలన్నీ ‘సంగీత సౌరభం’ అన్న పేరుతో నాలుగు సంపుటాలుగా తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసింది. మామూలు స్వరలిపి పుస్తకంలో ఒక స్వరం రాసి వదిలేసే చోట పినాకపాణి దాని ముందూ వెనకా తగిలే అనుస్వరాలను కూడా రాసి పెట్టారు. ఉదాహరణకు తోడిలో గాంధారాన్ని ‘గ’ అని ఒక్క అక్షరంతో రాస్తే పాడేవాడికి దక్కేది ఏమీ లేదు. ఆ గాంధారం నిలకడగా ఒకచోట ఉండదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూ ఉంటుంది. ఊపు ఎన్ని అక్షరాల కాలంలో ఎన్నిసార్లు, ఎక్కడ మొదలై ఎక్కడ తీరుతుందో రాస్తే తప్ప తోడి కాదు. కాగితం మీద ఇంత సన్నగా రాయడం వల్ల పుస్తకం చూడగానే భయపెడుతుంది. పాడేవాడు ఒక్కో గీతను విప్పుకుంటూ పోతే, ఎన్నడూ వినని కీర్తన కూడా కచేరీకి అక్కరకు వచ్చే స్థితికి చేరుతుంది. గురువు ముఖతః తప్ప పాట కదలని కాలంలో, కర్నూలుకు బండి కట్టలేనివాడికి కూడా పాఠాంతరం అందుబాటులోకి వచ్చింది. మనోధర్మ సంగీతం మీదా పల్లవి మీదా ఆయన వేరే పుస్తకాలు రాశారు.

పాఠాంతరం గిడ్డంగి అయితే, అందులోంచి ఒక సాయంత్రానికి సరుకు తీయడం మరో విద్య. అనుభవం ఉన్న గాయకుడు సాధారణంగా వరుసలో మొదటి పాటతో మొదలుపెట్టడు, ప్రధాన రాగంతో మొదలుపెడతాడు. ఆ రోజు ప్రధానం కాంభోజి అనుకుందాం. వెంటనే కొన్ని రాగాలు పక్కకు పోతాయి. హరికాంభోజి, యదుకులకాంభోజి, ఖమాసు ముందు పాడితే వాటి నీడ కాంభోజి మీద పడి, ఆలాపన ఎత్తుకున్నప్పుడు రుచి సగం చచ్చిపోతుంది. కాంభోజి శుద్ధమధ్యమ రాగం కనుక దానికి ముందు వచ్చే ఉపప్రధానం ప్రతిమధ్యమంలో ఉండాలి, పంతువరాళో పూర్వీకల్యాణో. ప్రధాన కీర్తన ఆదితాళంలో రెండు కళల చౌకంలో నడిస్తే ముందుది రూపకమో మిశ్రచాపో కావాలి, లేకపోతే మృదంగం చేతికి ఒకే పని అవుతుంది. మొదట వర్ణం, తర్వాత వినాయకుడి పాట హంసధ్వనిలోనో నాటలోనో. ముత్తుస్వామి దీక్షితుల ‘వాతాపి గణపతిం’ హంసధ్వనికి ఎంత పేరు తెచ్చిందంటే, ఆ రాగాన్ని మొదట్లో కాక మరోచోట పాడటానికి గాయకుడు తడుముకోవాల్సి వస్తుంది.

ఆ తర్వాత పెద్ద రాగాల మధ్య గాలి ఆడటానికి ఒక వేగవంతమైన కీర్తన పెడతారు, రాగాలాపన లేకుండా. వరసగా రెండు పాటలు ఒకే వాగ్గేయకారుడివి కాకుండా, ఒకే దేవుడి మీద కాకుండా, ఒకే అక్షరం మీద ఎత్తుగడ ఉన్నవి కాకుండా చూసుకుంటారు. ముప్పై నలభై పేర్లలో ఈ జల్లెడ దాటేవి ఎనిమిది తొమ్మిదికి మించవు. కురంజి, నవరోజు లాంటి రాగాలు మధ్యమ శ్రుతిలో పాడవలసినవి, తంబూరాలో పంచమం తంతిని మధ్యమానికి దించాలి. కచేరీ నడుమ ఆ పని పెట్టుకుంటే సభ చల్లారిపోతుంది. ఆ రాగాల్లో ఎంత మంచి పాటైనా చివరి అరగంటలోనే ఎందుకు వినపడుతుందన్నదానికి జవాబు ఆ ఒక్క తంతి.

పాటల పట్టికను గడియారం కూడా రాస్తుంది. గ్రామఫోను రికార్డుకు ఒక వైపు మూడు మూడున్నర నిమిషాలే. అందులో ఇమిడే పాటలే ఊరూరా పాకాయి, ఇమడని కీర్తనకు పల్లవి, చరణంలో రెండు పాదాలు మిగిలాయి. రికార్డు మీద విన్నదాన్నే జనం కచేరీలో అడగడం అప్పుడే మొదలైంది. రేడియో ఇంకా కట్టుదిట్టం. విజయవాడ కేంద్రం 1948లో, కడప కేంద్రం 1963లో వచ్చాయి. రేడియోలో పాడేవారు ఏ పాట, ఏ రాగం, ఏ తాళం, ఎవరి రచన అన్నది ముందే రాసి ఇవ్వాలి. అరగంట కార్యక్రమంలో ఎర్రదీపం వెలిగాక మనసు మార్చుకునే వీలు ఉండదు. ఇరవై ఎనిమిదో నిమిషంలో మంగళానికి దగ్గరగా ఉండాలంటే, ఆలాపనకు ఐదు, కీర్తనకు పన్నెండు అని లెక్క వేసుకుని పాటను ఎంచుకోవాలి. ఇలాంటి కొలతలో పుట్టి పెరిగిన గాయకులు తర్వాత సభలో మూడు గంటలు దొరికినా చిన్న పాటల వైపే మొగ్గడం సహజం. వోలేటి విజయవాడ రేడియోలో పనిచేశారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ కేంద్రంలోనే ‘భక్తిరంజని’కి రూపు ఇచ్చారు. తెల్లవారుజామున పొయ్యి రాజేసుకుంటూ వినే ఇళ్ళకు రామదాసు, అన్నమయ్య, తత్వాల పాటలు అలవాటై, సాయంత్రం కచేరీలోనూ వాటినే కోరేలా చేసింది ఆ కార్యక్రమమే. పద్యనాటకం వేసిన బాటను రేడియో వెడల్పు చేసిందనవచ్చు.

ఎంపిక చరిత్రలో కడప సీమకు ఇంకో పెద్ద భాగం ఉంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుడు (1408-1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు రాశాడని పరంపర చెబుతుంది. రాగిరేకుల మీద దొరికినవి అందులో సగానికి లోపే. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారం 1922లో వెలుగులోకి వచ్చింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చుకు తెచ్చారు. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. రాగం పేర్లలో గుజ్జరి, పాడి, సాళంగనాట వంటివి అప్పటికే కచేరీల్లో మూలన పడ్డవి. పేరు నిలిచినవాటికి కూడా నాలుగు శతాబ్దాల్లో నడక మారలేదని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ఇక్కడ ఎంపిక అంటే అర్థమే మారిపోయింది. త్యాగరాజ కీర్తనను ఎంచుకునేవాడు తయారైన నగను ఎంచుకుంటున్నాడు. అన్నమయ్యను ఎంచుకునేవాడు బంగారం తీసుకుని కంసాలి కోసం వెతుకుతున్నాడు. మొదట ఆ పని నెత్తినేసుకున్నవారు అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979). మైసూరులో తెలుగు బోధించిన సాహిత్యవేత్త కావడం, సంగీత విద్వాంసుడూ కావడం ఇద్దరు మనుషుల పని ఒక్కరి చేత చేయించింది. మాట విరుపు చెడకుండా, కచేరీ గౌరవం తగ్గకుండా ఆయన కట్టిన వరసలు తర్వాతివారికి కొలబద్ద అయ్యాయి. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక స్వరకర్తలు పెరిగారు. పినాకపాణి శిష్యుడు నేదునూరి కట్టిన వరసలు కొన్ని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో 1980 నాటి ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులతో ఇంటింటికీ చేరాయి. అన్నమయ్య పాటను కచేరీ చివర తుక్కడాగా పెట్టే అలవాటు అక్కడి నుంచి సడలింది. ఆలాపన, నెరవు, స్వరకల్పన అన్నిటినీ మోయగల వరస ఉంటే ప్రధానంగా కూడా పాడవచ్చని నేదునూరి తరం చూపింది. అలా మోయలేని వరసలూ వందలు వచ్చాయి. సినిమా పాటలా చెవికెక్కి, కచేరీలో రెండు నిమిషాలకు ఒట్టిపోయేవి. ప్రధానానికి అన్నమయ్యను తలపెట్టిన పెద్ద గాయకులు మొదట చూసేది మాటను కాదు, వరస ఎవరిదన్నదే.

వాద్యం వాయించేవారికి లెక్క తిరగబడుతుంది. వీణ మీద మాట పలకదు కనుక, సభకు ముందే మాట తెలిసిన కీర్తన వాయిస్తే శ్రోత లోపల లోపల పాడుకుంటాడు. తెలియనిదైతే వినేది రాగమే. అందుకని వైణికుల పట్టికలు గాయకుల పట్టికల కన్నా చిన్నవి, పరిచితమైనవి. కాకినాడ నుంచి వచ్చిన చిట్టిబాబు (1936-1996) ‘కొమ్మలో కోయిల’ అన్న సొంత అంశాన్ని వీణ మీద పలికించి ఎంత మెప్పించారంటే, సభ చివరికి వచ్చేసరికి దాన్ని వాయించమని అడగనివారు ఉండేవారు కాదు. ఒక అంశం అంత పేరు తెచ్చుకుంటే పట్టికలో దాని చోటు ఇక వాద్యగాడి చేతిలో ఉండదు.

అడగడం అంటే చీటీ పంపడం. మూడో వరుసలోంచి మడత పెట్టిన కాగితం చేతులు మారుతూ వేదిక మెట్టు దగ్గరికి వస్తుంది. ఘటం వాయించేవారో తంబూరా శిష్యుడో అందుకుని గాయకుడి మోకాలి పక్కన పెడతారు. తల ఎత్తకుండా కళ్ళతోనే చదివి, తొడ కిందికి తోసేసేవి కొన్ని, వయొలిన్ వైపు వంగి రాగం పేరు చెవిలో వేసేవి కొన్ని. పక్కవాద్యం వారికి ఆ కీర్తన వచ్చా రాదా అన్నది ఆ ఒక్క చూపులో తేలాలి. కొత్తవారు పక్కన ఉంటే ఊరూపేరూ తెలిసిన పాటలే పాడతారు. ఏళ్ళ తరబడి కలిసి తిరిగిన వయొలిన్ ఉంటే అపురూపమైనదాన్ని బయటికి తీస్తారు. చీటీలో కోరిన రాగం అప్పటికే పాడిన దానికి దాయాదైతే, దాన్ని చివరికి నెట్టి ఒక విరుత్తం లాగానో, పల్లవి స్వరాల్లో రాగమాలికగానో చెల్లించడం అనుభవజ్ఞుల ఉపాయం. అడిగినవాడు తృప్తి పడతాడు, పట్టిక చెడదు.

సందర్భం కూడా పట్టికలో కొన్ని గళ్ళను ముందే నింపేస్తుంది. పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు గోష్ఠిగా పాడాక ఒక్కొక్కరికి దొరికేది పదిపదిహేను నిమిషాలు. అందులో ఆలాపనకు పోతే తర్వాతివారి సమయం తిన్నట్టు. తుంగభద్ర ఒడ్డునే, కర్నూలు జిల్లా మంత్రాలయంలో, శ్రావణ బహుళ విదియ చుట్టూ జరిగే రాఘవేంద్రస్వామి ఆరాధనకు వచ్చే విద్వాంసుడు పురందరదాసు మొదలైన హరిదాసుల కన్నడ పదాలు లేకుండా వేదిక ఎక్కడు. అవతలి ఒడ్డు దాటితే కన్నడ దేశం ఎంతో దూరం లేదు, శ్రోతల్లో సగం ఆ భాష వింటూ పెరిగినవారే. అహోబిలంలో నృసింహుడి మీద, శ్రీశైలంలో శివుడి మీద ఒకటి రెండైనా పడాలి. శ్రీరామనవమి పందిళ్ళలో ఈ పట్టింపు మరీ ఎక్కువ. పానకం గ్లాసులు తిరుగుతూ, పిల్లలు పరుగులు తీస్తూ ఉండే ఆ చోట విళంబంలో ఎత్తిన రాగం నిలవదు. తెలిసిన రామదాసు కీర్తన ఒకటి పడితే సద్దు దానంతటదే అణుగుతుంది.

వయసు పైబడ్డాక పట్టిక మళ్ళీ మారుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడినవారు ఒకటికి దిగుతారు. తారస్థాయి పంచమం మీద నిలవాల్సిన సంగతులున్న కీర్తనలు, మూడో కాలంలో పరుగెత్తే వర్ణాలు రాలిపోతాయి. వాటి స్థానంలోకి క్షేత్రయ్య పదాలు, చౌకకాలపు కీర్తనలు వస్తాయి. దమ్ము తక్కువైనా గమకం పండిన గొంతుకు అవి సరిగ్గా అమరుతాయి. యవ్వనంలో పాడితే వెలితిగా ఉండే పదం అరవైలో నిండుతుందని సంగీతం వాళ్ళు తరచూ అనుకునే మాటకు ఆధారం ఇదే. పట్టికలోంచి రాలినవి మాయమైపోవు. పాఠంగా మారి శిష్యుల దగ్గరికి వెళ్తాయి. తొంభై దాటాక కూడా కర్నూలు ఇంట్లో పినాకపాణి పాఠాలు చెబుతూనే ఉన్నారు. తాను ఇక ఏ సభలోనూ పాడని కీర్తనల సంగతులను ఒకటొకటిగా సరిచేస్తూ, వాటిని మరొకరి ముప్పై నలభై పాటల్లోకి చేర్చారు.